అన్నయ్య కొలతకు అతికిన సీటు

మా వదిన పశువుల డాక్టరు. ఆవిడ చూడాల్సిన గొడ్లు, గొర్రెలు చాలావరకు ఏటికి అవతల, కొండవాలు మీద ఉండేవి. మామూలు కారు ఏటిగట్టు దాకా వెళ్లి, నీళ్లను చూసి వెనక్కి తిరగాల్సిందే. ఆఫీసు ఇచ్చిన పాత జీపు ఒక వానాకాలం బురదలో దిగబడింది. లాగితే సగమే బయటికి వచ్చింది. ఇక సొంత బండి కొనక తప్పలేదు.

వదిన టాప్ మోడల్ కావాలంది. నాలుగు చక్రాలకూ బలం అందడం, బురదలో చక్రం ఊరికే తిరగకుండా లాక్ పడడం, ఇరుక్కుంటే బండి తనను తాను లాక్కోవడానికి ముందు ఇనుప తాడు చుట్టిన వించ్, అన్నీ కంపెనీవాళ్లే పెట్టి ఇస్తారు.

"ఎక్కి కూర్చోవడం, పోవడం. ఇంకొకరి మొహం చూడక్కర్లేదు," అంది భోజనాల దగ్గర.

ఆ చివరి మాటే అన్నయ్యకు గుచ్చుకుని ఉంటుందని ఇప్పుడనిపిస్తుంది. అన్నయ్య వెల్డరు. వీధి చివర సొంత షెడ్డు ఉండేది.

"ఇంట్లో వెల్డరుని పెట్టుకుని కంపెనీవాడి అతుకులకు ఎగబడతావేం? బేస్ మోడల్ తెద్దాం. మిగతాది నాకొదిలెయ్యి. పిండి కొద్దీ రొట్టె అంటారు గానీ, చేసేవాడి చెయ్యి కూడా చూడాలిగా."

"మీ చెయ్యి చూశాను లెండి. వంటింటి అలమరకు తలుపు పెట్టమంటే ఏం చేశారు?"

"ఏం చేశాను? ఊడకుండా పెట్టాను."

"తెరుచుకోకుండా పెట్టారు."

ముగ్గురం నవ్వాం. అలమర సంగతి నిజమే. కదిలేదేదైనా ఒకనాడు ఊడి తీరుతుందన్నది అన్నయ్య సిద్ధాంతం. బందు కిర్రుమంటే చాలు, అతికేసేవాడు. మా ఇంట్లో మడత కుర్చీలు మడత పడేవి కావు.

వాదన కొన్నాళ్లు సాగింది. చివరికి వదినే తగ్గింది. ఒకరోజు అన్నయ్య పాత క్యాలెండరు వెనక బండి బొమ్మ గీసుకొచ్చి, ఏటిలో నీళ్లు ఎక్కడి దాకా వస్తాయి, దూడను వెనక పడుకోబెట్టాలంటే ఎంత చోటు కావాలి అని ఒక్కొక్కటే అడిగాడు. పెళ్లయ్యాక ఆవిడ పని గురించి ఆయన అంత శ్రద్ధగా అడగడం అదే మొదలు. ఆ ముచ్చట మీద నీళ్లు చల్లడం ఆవిడ వల్ల కాలేదు.

బేస్ మోడల్ వచ్చింది. షెడ్డులో గ్రిల్లులూ గేట్లూ పక్కకు జరిగాయి. అన్నయ్య పనితనానికి వంక పెట్టలేం. బండిని ఎత్తు లేపాడు, మొరటు టైర్లు వేశాడు, వించ్ బిగించాడు, చక్రాలకు లాక్ తెప్పించి పెట్టాడు. వాటన్నిటికీ, లైట్లకూ, ఇంజను స్టార్టుకూ కూడా స్టీరింగు పక్కన వరసగా నల్ల స్విచ్చులు. అన్నీ ఒకేలా ఉండేవి. ఒక్కదాని మీదా గుర్తు లేదు.

"పేర్లు రాస్తే దొంగకు దారి చూపినట్టే," అన్నాడు.

రాళ్లదారిలో నడిపి చూస్తే డ్రైవరు సీటు కిందున్న పట్టాలు కిటకిటలాడాయట. పట్టాలు పీకేసి, సీటును నేలకు అతికేశాడు. తన కొలతకే. ఆయన తాటిచెట్టంత మనిషి. వదిన ఆయన భుజం దాకా కూడా రాదు.

మొదటిరోజు వదిన చీర కొంగు బిగించి ఎక్కింది. సీటు అంచుకు జారి కూర్చుంటే తప్ప కాలు క్లచ్చుకు అందలేదు. లైట్ల కోసం ఏదో స్విచ్చు నొక్కింది. వించ్ గిర్రున తిరిగింది. పరీక్ష కోసం అన్నయ్య కొక్కేన్ని మా ఇంటి గేటుకే తగిలించి మరిచిపోయాడు. గేటు ఊడొచ్చి బండి ముందు పడింది.

"దిగు, దిగు! నీకెందుకీ గొడవ? నేను లేనూ?" అన్నాడు నవ్వుతూ.

వదిన దిగింది. చుట్టూ తిరిగి వచ్చి అవతలి సీట్లో కూర్చుని, మందుల సంచి ఒళ్లో పెట్టుకుంది. వెనక సీట్లో, వదినకు చేతిసాయంగా వెళ్లే నేనున్నాను, పుస్తకంతో.

అలా ఏళ్లు నడిచాయి. అన్నయ్యకు జ్వరమొస్తే కొండమీద ఈనలేక అల్లాడే ఆవు ఆగాలి. ఆవుకు కష్టమొస్తే అన్నయ్య చేతిలో సగమైన గేటు ఆగాలి. ఆగీ ఆగీ షెడ్డుకు వచ్చేవాళ్లు వేరే దారి చూసుకున్నారు.

కొండమీద గొర్రెలు కాసే ముసలమ్మ ఒకతె నోరు ఊరుకునేది కాదు. "డాక్టరమ్మకు భలే డ్రైవరు దొరికాడే! జీతమూ లేదు, సెలవూ లేదు."

"తిండి పెడుతున్నాంగా అవ్వా," అనేది వదిన. అన్నయ్య నవ్వేవాడు కాదు.

కొండ దిగేటప్పుడు, రాళ్లగుట్ట మలుపు దగ్గర మొదలుపెట్టేవాడు.

"డ్రైవరు బతుకైపోయింది నాది."

"నేనడిగానా?"

"అడక్కుండా చేస్తే విలువ తెలీదులే."

"చేసింది మీరు. ఇరుక్కుంది ఇద్దరం."

నేను తలెత్తేదాన్ని కాదు. ఒక్కటి మాత్రం కనబడేది. అన్నయ్య గేరు మార్చినప్పుడల్లా వదిన ఎడమకాలు చెప్పులో కదిలేది.

తల నెరిశాక అన్నయ్యకు కళ్లు తిరగడం మొదలైంది. చెవిలో ఏదో లోపమన్నారు. వదిన ఒక మధ్యాహ్నం ఏమీ చెప్పకుండా మమ్మల్ని షోరూముకు తీసుకెళ్లింది. ఆనాటి టాప్ మోడలే, కొత్త రూపంలో. అమ్మకాల కుర్రాడు తలుపు తీశాడు. వదిన కూర్చుని మీట లాగితే సీటు మెత్తగా ముందుకు జరిగింది. ఆవిడ దాన్ని వెనక్కి జరిపి, మళ్లీ ముందుకు జరిపింది.

ఊరి బయట గతుకుల దారిలో ఆవిడే నడిపింది. నడుపుతూ చిన్నగా ఏదో పాట కూడా తీసింది. వదిన పాడుతుందని నాకు అంతవరకూ తెలియదు.

పక్కన అన్నయ్య చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చున్నాడు. డాష్‌బోర్డు ఒక మూల వేలితో నొక్కి చూశాడు. ఏదీ కదల్లేదు, ఏదీ చప్పుడు చేయలేదు.

"సార్ ఏదో వెతుకుతున్నారు," అన్నాడు వెనక నా పక్కన కూర్చున్న కుర్రాడు.

"ఏమీ లేదు బాబూ. అన్నీ ఉన్నాయి ఇందులో," అన్నాడు అన్నయ్య.

వదిన పాట ఆగింది. బండి దిగి, "రేపు చెబుతాం," అంది.

రేపు రాకముందే కబురొచ్చింది, అవతల ఒక ఆవుకు దూడ అడ్డం తిరిగిందని. మేం వద్దంటున్నా వినకుండా అన్నయ్యే స్టీరింగు పట్టాడు. ఏటి మధ్యలో ఆయన తల వాలిపోయింది. ఇంజను ఆగింది. నీళ్లు తలుపుకు కొట్టుకుంటున్నాయి.

వదిన నీళ్లలోకి దిగి, చుట్టూ వచ్చి, తలుపు తీసింది.

"జరగండి."

వెనకనుంచి నేను భుజాలు పట్టి లాగితే ఆయన అవతలి సీట్లోకి ఒరిగాడు. వదిన సీటు అంచుకు జారి కూర్చుంది. వరసలో చివరి స్విచ్చు నొక్కింది. ఇంజను అందుకుంది. రెండోది నొక్కింది. వెనక చక్రాలు లాక్ పడిన చప్పుడు వినిపించింది. తడుముకోలేదు, మమ్మల్ని అడగలేదు. బండి మూలుగుతూ గట్టెక్కింది.

అన్నయ్య కళ్లు తెరిచి ఆ స్విచ్చుల వంకే చూస్తున్నాడు.

"నీకెప్పణ్నుంచి తెలుసు?"

"మొదటి వానాకాలం నుంచి."

"మరి ఎప్పుడూ నడపలేదేం?"

"దిగమన్నారుగా," అంది వదిన, సంచి తీసుకుని ఆవు దగ్గరికి నడుస్తూ.

దూడ బతికింది. తిరుగు దారంతా ఆవిడే నడిపింది, నడుం ఎక్కడా ఆనకుండా.

మర్నాడు షోరూము నుంచి ఫోనొచ్చింది. "వద్దండి. ఉన్నదాన్నే సర్దుకుంటున్నాం," అంది. పెట్టేశాక నేనడిగాను, ఎందుకొదినా అని.

"ఆ బండిలో ఆయనకు పనేముంది చెప్పు? ఇంట్లో ఒంటరిగా వదిలితే ఎక్కడ పడతారో! వెంటేసుకు తిరగక తప్పదు. అక్కడ అలా కూర్చుంటే చూడలేకపోయాను." మందుల సంచి సర్దుకుంటూ, "కొనాల్సినప్పుడు కొనుండాల్సింది," అంది.

తరువాత అన్నయ్యతో ఒక్కటే చెప్పింది. "సీటు కోసి ముందుకు జరపండి."

అన్నయ్య రోజంతా షెడ్డులోనే ఉన్నాడు. తన పాత అతుకులు కోయడం ఆయనకే కష్టమైందట. సాయంత్రం వదినను కూర్చోబెట్టి, మోకాలి నుంచి క్లచ్చు దాకా కొలిచి, సీటు బిగించాడు. ఆవిడ వంగి కిందికి చూసింది.

"మళ్లీ అతికేశారా! బోల్టులు పెట్టొచ్చుగా?"

"కదిలేదేదైనా ఊడుతుంది."

ఇక ఆ సీట్లో అన్నయ్య మోకాళ్లు పట్టవు. నాకెటూ నడపడం రాదు, వదిన తప్ప ఇంకెవరూ ఆ బండి నడపలేరు. ఈ సంగతి ముగ్గురికీ ఒకేసారి తట్టినట్టుంది. వదిన క్లచ్చు తొక్కి చూసుకుంది. సరిగ్గా అందింది.

ఆ వారమే కొండకెళ్లాం. అన్నయ్య మందుల సంచి ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. దిగేటప్పుడు రాళ్లగుట్ట మలుపు వచ్చింది.

"డ్రైవరు బతుకైపోయింది నాది," అంది వదిన.

"నేనడిగానా?" అన్నాడు అన్నయ్య.

నేను పుస్తకం తెరిచాను.