ఒక్క జమ్మి ఆకు

దసరా మరునాడు వరంగల్ స్టేషన్లో, బెంచీ మీద నా పక్కన తలపాగా చుట్టుకున్న పెద్దాయన ఒకరు కూర్చున్నారు. పండుగకు బంగారమని పంచుకునే జమ్మి రెబ్బ జేబులో ఉంటే, అలవాటు కొద్దీ ఆయన చేతిలో పెట్టి, "బంగారం తీస్కో కాకా" అన్నాను.

ఆయన ఆ ఆకులను వేలితో నిమిరారు.

"మాది రాజస్థాన్ ఎడారి బిడ్డా. ఈడ మిఠాయి దుకాణం పెట్టుకొని బతుకుతాన్న. మా ఊర్ల మేకలకు, మనుషులకు గీ జమ్మిచెట్టే ఆధారం. పోయినేడు కాపలా మనిషికి జీతమియ్యలేకపోతే సగం చెట్లు నరుక్కపోయిన్రు. మళ్ల మనిషిని పెట్టెతందుకే దుకాణాలల్ల చందా అడుగుతాన్న."

ఆయన ఒళ్లోని సంచీలో నేనొక నోటు వేశాను. ఆయన రెబ్బ నుంచి ఒక్క చిట్టి ఆకు గిల్లి నోటు పక్కనే వేసుకుని, మిగిలింది నా చేతికిచ్చారు.

"గింత చాలు."

అప్పటి నుంచి ప్రతి దసరాకు మా ఇంటికి ఒక్క రెబ్బే వస్తుంది. అందరం తలొక ఆకు పంచుకుంటాం.