కోసేసిన అట్టపెట్టె

ఓటీపీ నేనే ఇచ్చాను. ఇప్పుడు ఈ మాట రాయడం తేలికే. అప్పుడు మాత్రం వారం రోజులు ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు.

వన్‌టౌన్‌లో మా ఇంటికి మూడు కొట్ల అవతల టైలర్ చాచా దుకాణం. ఒకటో క్లాసు గౌను నుంచి ఇప్పుడు ఆఫీసుకి వేసుకెళ్లే కుర్తీల దాకా నావన్నీ ఆయన చేతి కుట్టే. మా వీధిలో ఎవరికి ఆన్‌లైన్‌లో ఏం కావాలన్నా నా దగ్గరికి వస్తారు. మిక్సీ జార్, మోకాలి పట్టీ, మంచినీళ్ల ఫిల్టరు, అన్నీ నా అకౌంట్లోంచే. ఫోను ఎప్పుడూ నా చేతిలోనే ఉంటుంది కాబట్టి నాకది పెద్ద పనిగా అనిపించేది కాదు. కొంచెం గొప్పగా కూడా ఉండేది.

ఆ వేసవిలో చాచా ఓవర్‌లాక్ మెషీన్ కాలిపోయింది. బట్ట అంచుల్లో పోగులు ఊడకుండా కుట్టే మెషీన్ అది. సరిగ్గా అప్పుడే ఒక స్కూలు పిల్లలందరి యూనిఫాంలు ఆయనకి అప్పజెప్పారు. బళ్లు తెరిచేలోగా ఇచ్చెయ్యాలి. ఇవ్వలేకపోతే ద్వారకా నగర్‌లో పెద్ద షాపు వాళ్లు కాచుకుని కూర్చున్నారు. ఆ స్కూలు ఇక చాచా గుమ్మం వైపు చూడదు.

"మోటారు గట్టిది చూడు బేటీ. నిక్కరు గుడ్డ నాలుగు మడతలు పెట్టినా ఆగకూడదు."

"నానున్నాను కదా చాచా. నువ్వు కత్తెర పట్టుకో, ఫోను సంగతి నాకొదిలెయ్యి."

షాపుల్లో వాడే పెద్ద మెషీనే చూసి ఆర్డర్ పెట్టాను. అలాంటి సామానుకి ఒక పద్ధతి ఉంది. డెలివరీ చేసే అతను మన కళ్లముందే పెట్టె విప్పి చూపించాలి. సరైనదే వచ్చిందని చూసుకున్నాకే మన ఫోనుకొచ్చిన ఓటీపీ చెప్పాలి. చెప్పామంటే సరుకు చూసి ఒప్పుకున్నట్టే.

మెషీన్ వచ్చిన రోజు నేను మధురవాడలో, ఆఫీసు మీటింగులో ఉన్నాను. ఫోను మూడుసార్లు మోగింది. మూడోసారి బయటికొచ్చి ఎత్తాను, ఏదో అన్నాను, ఓటీపీ చెప్పాను, పెట్టేశాను. అరనిమిషం కూడా పట్టలేదు.

ఐదో రోజు చాచా దుకాణంలోకి వెళ్తే బల్ల మీద తెల్లటి చిన్న మెషీన్ ఒకటి కనిపించింది. ఇళ్లల్లో సరదాగా కుట్టుకునేవాళ్లు కొనే రకం.

"ఇదేటి చాచా?"

"నువ్వు కొన్నదే కదమ్మా. కొత్తవి ఇలగే చిన్నగా వస్తాయేమో అనుకున్నాను. పల్చటి గుడ్డయితే బాగానే కుడతంది. నిక్కర్లు పెడితేనే మూలుగుతంది."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేటి?"

"నువ్వు పనిలో ఉంటావు కదా. ఊరికే ఎందుకని..."

నాకు మండిపోయింది. చాచా మీద కాదు. ఎవరి మీదో అప్పటికి తెలియదు. అక్కడే స్టూలు మీద కూర్చుని యాప్‌లో రిటర్న్ పెట్టాను. గంటలో తిరస్కరించారు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను.

"మేడమ్, మీరు పెట్టె తెరిచి చూసుకుని తీసుకున్నట్టు మా రికార్డులో ఉందండీ."

"తప్పు వస్తువు పంపింది మీరు. రికార్డు ఎలా ఉంటే నాకేటి?"

"అర్థమైంది మేడమ్. పైగా ఇది వ్యాపారం కోసం కొన్నది కదండీ, వినియోగదారు కింద..."

"ఆగండి!" ఒక చెవిలో ఆమె మాట వింటూనే ఇంకో పక్క ఫోన్లో చట్టం వెతికాను. "సొంతంగా పని చేసుకుని బతకడానికి కొనుక్కుంటే ఆ మనిషి వినియోగదారుడే. కొన్నది నేనైనా, నా ఇష్టంతో వాడుకుంటున్న ఆయనకీ హక్కుంది. చదివి వినిపించమంటారా?"

ఆమె ఒక ఫారం లింకు పంపింది. అందులో చివరి ప్రశ్న: ఓటీపీ ఏ పరిస్థితుల్లో ఇచ్చారు?

చాచా నా పక్కనే గుండీలు ఏరుకుంటున్నాడు. నేను టైప్ చేశాను: "పెట్టె విప్పమంటే విప్పనన్నాడు. బలవంతంగా ఓటీపీ తీసుకున్నాడు." పంపేశాను. అబద్ధం రాస్తున్నానని కూడా అనిపించలేదు. న్యాయం నా వైపుంది, దానికి ఈ ఒక్క ప్రశ్న అడ్డం కాకూడదు, అంతే.

మూడో రోజు శనివారం. మధ్యాహ్నం దుకాణంలోనే ఉన్నాను. బయట బైక్ ఆగింది. నలభై ఏళ్ల మనిషి, కంపెనీ టీషర్టు లేకుండా మామూలు చొక్కాలో లోపలికొచ్చాడు.

"మేడమ్ మీరేనేటి?"

"ఏ మేడమ్?"

"మీటింగ్ మేడమ్."

అప్పుడు గొంతు గుర్తుపట్టాను. తన ఫోను నా ముందు పెట్టాడు. ఎర్రటి అక్షరాలు. కస్టమర్ ఫిర్యాదు వల్ల ఐడీ నిలిపివేయబడింది.

"ఐడీ ఆపీసి రెండ్రోజులయింది, పన్లేదు. నాను ఏటి సేసినాను మేడమ్?"

"పెట్టె విప్పి చూపించడం నీ డ్యూటీ కాదా?" నేను లేచి నిలబడ్డాను. "ఖాళీ పెట్టె ఇచ్చినా ఓటీపీ తీసుకుని పోతావా?"

అతను ఫోన్లో ఏదో నొక్కాడు. దుకాణం నిండా నా గొంతు.

'ఎన్నిసార్లు చేస్తావ్? మీటింగ్‌లో ఉన్నాను.'

'అది కాదు మేడమ్, పెట్టి ఇప్పి సూపించాల. చాచా నమాజుకెల్లినాడట. పావుగంట ఆగుతాను. మీరు ఊఁ అంటే ఆయన ముందర ఇప్పుతాను.'

'నీ పావుగంట కోసం మళ్లీ ఫోన్ ఎత్తాలా నేను? ఓటీపీ రాసుకో. పెట్టె అక్కడ పడేసి పో.'

చాచా కత్తెర కింద పెట్టాడు. నేను ఆయన వైపు చూడలేకపోయాను. బల్ల మీద సుద్దముక్క వైపు చూశాను.

"నా ఫోన్లో అన్ని కాల్సూ రికార్డవుతాయి," అన్నాడు అతను. "ఇది ఆపీసుకి పంపిత్తే నా ఐడీ నాకొచ్చెస్తాది. కానీ మీ మెషీను పోతాది. చాచా రోజూ మంచినీల్లిత్తాడు. అందుకే ముందు ఇక్కడికొచ్చినాను."

"పంపీ," అన్నాడు చాచా.

"చాచా, యూనిఫాంలు..."

"పంపీమన్నాను కదా." ఆయన నా మీద గొంతు పెంచడం అదే మొదటిసారి. "నా మెషీను కోసం ఇతని కడుపు కొడతావేటమ్మా? అలా కొట్టమని నిన్ను నానడిగానా?"

నా చేతిలో ఫోన్ ఉంది, కానీ అందులో వెతకడానికి ఏమీ లేదు.

అతను వెంటనే పంపలేదు. బల్ల మీది చిన్న మెషీన్ని ఒంటి చేత్తో ఎత్తి చూశాడు.

"ఆ రోజే నాకు డౌటొచ్చింది. కాయితం మీద పెద్ద మెషీనని ఉంది. నానేమో పెట్టిని చంకలో పెట్టుకుని తెచ్చీసినాను. అసలుదైతే ఇద్దరం పట్టాల." గుమ్మం దాకా నడిచి చటుక్కున తిరిగాడు. "చాచా, ఆ పెట్టి ఏది? దాని మీద బరువుంటాది! ఏ ఊర్లో ఎక్కించినారో ఆల్లే తూచి అంటిత్తారు."

చాచా గోడ వైపు చూశాడు. మేకుకి అట్టముక్కల గుత్తి వేలాడుతోంది. కాలర్‌కొకటి, జేబుకొకటి, నిక్కరు ముందుకొకటి, వెనక్కొకటి. గుడ్డ మీద పెట్టి సుద్దతో గీసుకునే ముక్కలు. గట్టి అట్ట దొరికితే చాచా వదలడు.

"కోసెసినావేటి?" అన్నాను.

"మంచి అట్టమ్మా," అన్నాడు, తప్పు చేసిన పిల్లాడిలా.

మేకు మీంచి గుత్తి దింపి బల్ల మీద బోర్లించాం. పదిహేను ముక్కలు. కొన్ని పాత పెట్టెలవి. అతను రంగు చూసి వేరు చేశాడు, చాచా అంచులు చూసి పక్కపక్కన పేర్చాడు. ఏ కోతకి ఏ కోత ఆనుతుందో ఆయనకి కళ్లు మూసుకున్నా తెలుసు. నేను ప్రతి ముక్కా తిరగేస్తున్నాను. చెమట ముక్కు మీంచి అట్ట మీద పడుతోంది. నిక్కరు వెనక ముక్క మీద లేబుల్లో సగం దొరికింది. ఆర్డర్ నంబరు. కింద 'బరువు' అన్న మాట, అక్కడితో కోత. అంకె లేదు.

"జేబు," అన్నాడు చాచా. "దాన్ని ఆనుకుని జేబు కోసాను."

జేబు ముక్క గుత్తిలో లేదు. కటింగ్ బల్ల కింద, పాదం పక్కన దొరికింది. ఆరు కిలోల చిల్లర. రెండూ ఆనించి పెట్టాం, గీతలు కలిశాయి. యాప్‌లో మేము కొన్న మెషీన్ పేజీ తెరిచాను. ముప్పై కిలోలు.

అతను బిగ్గరగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

కంపెనీలో ఫిర్యాదులు చూసే అధికారికి ఆ స్టూలు మీదే కూర్చుని రాశాను. ఫిర్యాదు అందిందని రెండు రోజుల్లో చెప్పాలనీ, నెలలోగా తేల్చాలనీ నియమం ఉందని రాశాను. ఫోటోలు పెట్టాను. తేల్చకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తానని రాశాను. ఇవన్నీ గబగబా వచ్చేశాయి. తర్వాతి వాక్యం దగ్గర వేలు ఆగింది.

"మొదటి ఫిర్యాదులో నేను అబద్ధం రాశాను. డెలివరీ చేసినతను పెట్టె విప్పి చూపిస్తానన్నాడు. నేనే వద్దని ఓటీపీ చెప్పాను. అతని తప్పు లేదు."

దీంతో మెషీన్ పోవచ్చు. చాచా వైపు ఫోన్ తిప్పాను.

"నాకు చదవడం రాదు కదమ్మా. చదువు."

చదివాను. అతని ముందే, పైకి. నా గొంతు రికార్డింగ్‌లో ఉన్నంత గట్టిగా లేదు.

"పంపు," అన్నాడు చాచా.

సోమవారం అతని ఐడీ వచ్చింది. మెషీన్ మార్చి ఇస్తామని మా ఫిర్యాదుకి జవాబు రావడానికి ఇంకో పది రోజులు పట్టింది. బళ్లు తెరిచే రోజు దగ్గరపడి చాచా సగం నిక్కర్ల గుడ్డ వేరే టైలర్‌కి పంచేశాడు. ఆ సగం పని ఇక తిరిగి రాదని ఇద్దరికీ తెలుసు. ఆయన ఆ మాట ఎత్తలేదు. నాకు కుర్తీ కొలత తీస్తూ కూడా ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే బాగుండేది.

దాని బదులు పెద్ద మెషీన్ వచ్చే రోజు లాప్‌టాప్ పట్టుకుని పొద్దున్నే దుకాణంలో కూర్చున్నాను. పదకొండు దాటాక ఆటో ఆగింది. అతనూ, ఇంకొకతనూ చెరోపక్క పట్టుకుని దించారు. అది చూడగానే చాచా బల్ల ఖాళీ చేశాడు.

"ఇప్పమంటారేటి మేడమ్, మీటింగ్ ఉందేటి?"

"ఇప్పు బాబూ, ఇప్పు."

విప్పాడు. చాచా నాలుగు మడతల నిక్కరు గుడ్డ పెట్టి తొక్కాడు. ఆగకుండా పోయింది. అప్పుడు ఓటీపీ చెప్పాను, ఒక్కో అంకే, నెమ్మదిగా.

వాళ్లు వెళ్లాక చాచా ఖాళీ పెట్టెని చేత్తో తట్టి చూశాడు. మందంగా ఉంది. కత్తెర తీసుకుని నా వైపు చూశాడు.

"కొయ్యొచ్చా?"

"రిటర్న్ గడువు ఇంకా వారం ఉంది చాచా."

కత్తెర మేకుకి తగిలించి, పెట్టెని తీసుకెళ్లి అటక మీద పెట్టాడు.