మానిటర్ మీద డాడీ అంటించిన అట్ట

ఇయ్యాల నాచారంల నా రూంల కూసొని, బ్రౌజర్ సెట్టింగ్స్‌లకు పోయి యాడ్స్ అన్నీ బంద్ చేసిన. పేజీ పైన మిణుకుమిణుకుమనే బ్యానర్ పోయి తెల్లగ ఖాళీ జాగా మిగిలింది. అది చూడంగనే చిల్కానగర్‌ల మా పాత ఇల్లు యాదికొచ్చింది.

మీ ఇంట్ల గూడ డబ్బాలెక్క మానిటర్ ఉండెనా? బంద్ చేసినంక చెయ్యి దగ్గర పెడితే వెంట్రుకలు లేస్తుండె, యాదికుందా? మా డాడీకి సెట్టింగులు తెల్వయి. బ్యానర్లు చూస్తే పిల్లలు ఖరాబైతరని చర్చి క్యాలెండర్ అట్టను పట్టీలెక్క కోసి, స్క్రీన్ పైభాగంల టేపుతోని అంటించిండు. పేజీ జరిపితే మేం చదివే అక్షరాలే అట్ట కిందికి పోతుండె. "అయితే జరపకుండ చదువుర్రి" అన్నడు.

డాడీ డ్యూటీకి పోంగనే అక్క కిటికీ కాడ కాపలా నిలబడేది. అట్ట లేపే పని నాది.

"ఏముందిరా?"

"మనం కారు గెలిచినమంట అక్కా!"

"మెల్లగ లేపు, టేపు ఊడుతది. అగో, స్కూటర్ సప్పుడు! దించు, దించు!"

డాడీ పోయి శానా ఏండ్లాయె. పోయినేడు అక్క గూడ పోయింది.

ఇందాక ఆ సెట్టింగ్ మళ్ల తీసేసిన. బ్యానర్ వచ్చింది. ఈసారి ఫోన్ గెలిచిన్నంట. నాకు తెల్వకుండనే కిటికీ దిక్కు తిరిగి, "అక్కా, ఫోనంట" అన్న.

కింద రోడ్డు మీద ఎవరిదో స్కూటర్ ఆగింది. దించుమని ఎవ్వలూ అనలే.