నీళ్లపొయ్యి మీద సర్వరు

మా అరకులో ఎలీయేజరు మాస్టారింటికి వెళ్లినవాళ్లకి కాఫీ కన్నా ముందు ఉపన్యాసం వస్తుంది. కాఫీకి వంక పెట్టలేం. మగ్దలేనమ్మ గారు గింజలు స్వయంగా వేయించి పొడి కొడతారు. పక్కింటివాణ్ణి కాబట్టి ఆ కాఫీ కోసం ఆ ఉపన్యాసాన్ని నేను చాలా ఏళ్లుగా భరిస్తున్నాను.

మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెబుతారు. ఇంట్లో ఉన్న సినిమాలు, పాటలు, ఫొటోలు అన్నీ ఒకే కంప్యూటర్లో పోగుచేసి, అక్కణ్ణుంచి హాల్లో టీవీకి, పడగ్గదిలో టీవీకి, వంటింట్లో పాత ఫోనుకి పంపించడం ఆయన సరదా. ఆ కంప్యూటర్ని సర్వరు అంటారు. ఆ మాట అనేటప్పుడు ఇంటిపెద్ద పేరు చెప్పినట్టు గొంతు కాస్త తగ్గిస్తారు. ఆ ఇంట్లో ఉండేది మొగుడూ పెళ్లామే. ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని ఒకే టీవీ చూస్తారు.

ఉపన్యాసంలో పనికొచ్చే మాటలు లేకపోలేదు. వైఫై పెట్టెని ఇంటి నడుమ, ఎత్తున పెట్టాలంటారు. టీవీకి వైరు లాగే వీలుంటే వైరే లాగాలంటారు. సరుకంతా ఇంట్లోనే ఉంటుంది కాబట్టి ఘాటు రోడ్డు మీద చెట్టు కూలి ఊరంతా నెట్టు పోయినా మనింట్లో పాట ఆగదంటారు. అన్నీ నిజమే. ఆయన వైఫై పెట్టె మాత్రం ఇనప బీరువా వెనక ఉండేది. ప్లగ్గు అక్కడుంది మరి. పెన్‌డ్రైవులో సినిమా తెచ్చుకుని టీవీకి గుచ్చి చూసేవాళ్లని ఆయన పామరులంటారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. నష్టం మామగారితో మొదలైంది.

మగ్దలేనమ్మ గారి తండ్రి సామ్యేలు అయ్యగారు పెదబయలు వైపు కొండ ఊళ్లన్నీ కాలినడకన తిరిగి వాక్యం చెప్పిన మనిషి. గొప్ప గొంతు. ఆయన పోయాక కూతురికి మిగిలినవి కొన్ని క్యాసెట్లు. వాటిలో కీర్తనలు, మధ్యమధ్య దగ్గు, ఒకచోట పాట ఆపి "మగ్దలీ, నీళ్లట్రా" అని పిలవడం. ఆ పిలుపు వచ్చేచోట ఆవిడ చేతిలో పని ఆపేసేవారు. అరకు తేమకి టేపు మీద బూజు పడుతోందని మాస్టారు ఒక వేసవంతా కూర్చుని అవన్నీ సర్వరులోకి ఎక్కించారు. మంచి పని. అక్కడితో ఆగితే ఈయన ఎలీయేజరు మాస్టారు ఎందుకవుతారు?

ఇంటి వెనక వాలులో మంగ్లు అనే గిరిజన రైతు చేను ఉంది. గంటెలు, అంటే సజ్జలు, వేశాడు. చిలకలు వాలకుండా చేనికి అడ్డంగా టేపు కడితే గాలికి అది రెపరెపలాడి బెదిరిస్తుందని ఆ క్యాసెట్లు పట్టుకెళ్లి మంగ్లుకి ఇచ్చేశారు. మంగ్లు అడగలేదు. ఆ సాయంత్రం నుంచి మామగారి కీర్తనలు చేనంతా తళతళలాడాయి. చిలకలు నిజంగానే వాలలేదు. సర్వరు వ్యవహారంలో అనుకున్నట్టు జరిగింది అదొక్కటే.

ఇంకో కాపీ ఎక్కడైనా దాచారా అని నేనడిగాను. ఆయన నా వైపు జాలిగా చూశారు. పెట్టెలో రెండు డిస్కులున్నాయి, రెండింట్లోనూ ఒకటే రాసి ఉంటుంది, ఒకటి పోతే ఇంకోటి ఉంటుందన్నారు. ఇంటి తాళంచెవులు రెండు చేయించి, రెండూ ఒకే జేబులో వేసుకుని తిరిగే మనిషి ధీమా అది.

తర్వాత వానలు పట్టాయి. గోడలు చెమ్మగిల్లాయి, పుస్తకాలు ఉబ్బాయి. సర్వరుకి తుప్పు పడుతుందని మాస్టారికి బెంగ. ఒకరోజు మంగ్లు ఇంట్లో పొయ్యి మీది అటక చూశారు. అక్కడ విత్తనానికి ఉంచిన మొక్కజొన్న పొత్తులు వేలాడుతున్నాయి. పొగ తగిలితే తేమ రాదు, పురుగు పట్టదు. తరతరాల పద్ధతి, అందులో తప్పేమీ లేదు. మాస్టారు ఇంటికొచ్చి పెరటి వసారాలో స్నానాలకి నీళ్లు కాచే కట్టెల పొయ్యికి పైన ఒక బల్ల కొట్టించారు. సర్వరుని దాని మీద పెట్టారు.

"అక్కడ పొగొత్తాది కదండీ," అన్నారు మగ్దలేనమ్మ గారు.

"పొగొత్తేనే తడి పోద్ది. ఇందులో నీకేటి తెలుసు?"

మొక్కజొన్న పొత్తుకి ఫ్యాను ఉండదు. ఈ పెట్టెకి రెండున్నాయి. అవి పొద్దస్తమానం గాలి లోపలికి లాగుతాయి, గాలితో పాటు మసినీ లాగుతాయి. లెక్కల మాస్టారికి ఈ లెక్క తట్టలేదు. పైగా వచ్చినవాళ్లందరినీ వసారాలోకి తీసుకెళ్లి చూపించారు. గిరిజన విజ్ఞానం, ఆధునిక విజ్ఞానం కలిశాయన్నారు. అవి కలుస్తున్న చోట నాకు కళ్లు మండాయి.

అయ్యగారి జ్ఞాపకార్థ కూటానికి వారం ముందు సర్వరు ఆగిపోయింది. మాస్టారు దాన్ని దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని కిరండోల్ రైల్లో విశాఖ దిగారు. బొర్రా దగ్గర సొరంగాలు వచ్చినప్పుడు రైలుపెట్టెలో జనమంతా కిటికీల మీద పడి కేకలు పెడుతుంటే ఈయన మూటని పసిపిల్లలా హత్తుకుని కూర్చున్నారట. రిపేరు షాపతను మూత తీశాడు. మసి పెచ్చులు పెచ్చులుగా రాలింది. మీది హోటలా సార్ అని అడిగాడు. వేడికి ముందొక డిస్కు, దాని వెనకే రెండోది పోయాయని, లోపల పలకలు గీసుకుపోయాయని, వాటిలోంచి ఇంకేమీ రాదని చెప్పాడు. మంగ్లు చేలో టేపు అప్పటికే వానకి నాని ముక్కలైపోయింది.

ఇదంతా ఆయన నాకు చెప్పారు. భార్యకి మాత్రం రిపేరుకి ఇచ్చాను, వచ్చేస్తుందని చెప్పారు.

కూటం రోజున హాలు నిండింది. పెదబయలు నుంచి మగ్దలేనమ్మ గారు అప్ప అని పిలిచే అక్క సారమ్మ కూడా వచ్చింది. నాన్నగారి పాట వినిపిస్తారని అందరికీ ముందే కబురు వెళ్లింది. మాస్టారు రెండు పెద్ద స్పీకర్లు పెట్టారు. వాటి వైర్లు కర్టెను వెనక్కి వెళ్లాయి. కర్టెను వెనక ఏమీ లేదు.

ప్రార్థన అయింది. ఆవిడ మొగుడి వైపు చూశారు. మాస్టారు రిమోటు నొక్కారు, ఇంకోసారి నొక్కారు, వానకి నెట్టు స్లోగా ఉన్నట్టుందన్నారు. అరకులో ఏ పాపాన్నయినా నెట్టు మీదికి తోసెయ్యొచ్చు. చుట్టాలందరూ తలలూపారు.

మగ్దలేనమ్మ గారు ఊపలేదు. "దానికి నెట్టక్కర్లేదని మీరే కదండీ సెప్పారు."

మాస్టారు రిమోటు వైపు చూశారు. అది కాపాడలేదు.

"నాన్న పాటలేవండీ?"

"పోయాయి," అన్నారాయన.

"అన్నీనా?"

ఆయన తలూపారు. పాస్టరు గారు బైబిలు తెరిచి, మూసి, మళ్లీ తెరిచారు. ఆవిడ ఏడవలేదు. మొగుణ్ణి చూస్తూ ఉండిపోయారు. నేనైతే ఆ చూపు కన్నా పొయ్యి మీద కూర్చోవడమే మేలనుకునేవాణ్ణి.

అప్పుడు సారమ్మ చేతిసంచిలోంచి సామ్యేలు అయ్యగారు పాడారు.

ఎవరో మనవడు ఎప్పుడో క్యాసెట్ పాడుతుంటే దగ్గర పట్టి రికార్డు చేసి, ఆమె బొత్తాల ఫోనుకి రింగుటోనుగా పెట్టాడట. ఆమెని తీసుకొచ్చిన జీపు డ్రైవరు, తిరుగు ప్రయాణం ఎప్పుడని ఫోన్ చేస్తున్నాడు. కూటంలో ఫోను మోగిందని సారమ్మ బెదిరిపోయి సంచిలో చెయ్యి పెట్టింది. మగ్దలేనమ్మ గారు ఆ చెయ్యి పట్టుకున్నారు.

"ఎత్తకప్పా. మోగనీ."

ఒక చరణం కూడా పూర్తికాకుండా ఆగిపోయింది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. ఆ ఫోను ఇలా ఇవ్వండి, అందులోంచి పాట బయటికి తీసి ఈ స్పీకర్లకి కలిపేస్తానంటూ ముందుకొచ్చారు.

"మీరు దాన్ని ముట్టుకోకండి," అన్నారావిడ. "మీ ఫోనట్టుకుని గేటు కాడికెళ్లండి. మీదానికి అక్కడే సిగ్నలుంటాది. అప్పకి ఫోన్ సేత్తా ఉండండి. బేగెళ్లండి."

ఆయన వెళ్లారు. లోపల ఫోనుని టీపాయ్ మీద పెట్టి అందరూ చుట్టూ చేరారు. అది మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. రెండోసారికి చుట్టాలు గొంతు కలిపారు. ఆగినచోట ఆగి, మళ్లీ మోగేదాకా కళ్లు మూసుకుని ఉండేవారు.

నేను కాఫీ గ్లాసు తీసుకుని బయటికి వెళ్లాను. మాస్టారు తుంపరలో నిలబడి ఫోను చెవికి ఆనించుకుని ఉన్నారు. ఆయనకి వినపడేది ట్రింగుమనే మోతే. అది ఆగాక ఒకావిడ, మీరు ఫోన్ చేసినవారు స్పందించడం లేదని చెప్పేది. ఆయన మళ్లీ నొక్కేవారు.

"లోపల వినపడుతోందా?" అని అడిగారు.

వినపడుతోందన్నాను.

"సౌండు క్లియరుగా ఉందా?"

బాగానే ఉందన్నాను.

"బొత్తాల ఫోను కదా, బేస్ ఉండదు," అని, నేనిచ్చిన కాఫీ గోడ మీద పెట్టి మళ్లీ నొక్కారు.