పెరీనా, గాజుకుండలో ఆమె

పెరీనా నవ్వితే ఆమె కూర్చున్న కుర్చీ కూడా కిర్రుమని నవ్వుతుందని కరెంటు పని చేసే బేపో అంటుంటాడు. మనిషి భారీ. గొంతు అంతకన్నా భారీ. డాల్మేషియా తీరంలోని ఒక చిన్న రేవులో పుట్టింది. వయసులో ఉండగా సార్డీన్ చేపలకు ఉప్పు పట్టే ఫ్యాక్టరీలో వేళ్ళు పగిలేదాకా పనిచేసింది. అది మూతపడ్డాక ఊళ్ళోని పురావస్తు మ్యూజియంలో, గాజుగదికి కాపలాగా కుదిరింది.

ఆ గదిలో ఉన్నవన్నీ రోమన్ల కాలం నాటి గాజు సామాన్లు. చిటికెన వేలంత అత్తరు సీసాలు, ద్రాక్షగుత్తిలా అచ్చు పోసిన కూజాలు, పల్చటి నీలం గిన్నెలు. మట్టిలో ఉన్నన్నాళ్ళూ వాటికి పట్టిన పొర, వెలుతురు తగిలినప్పుడల్లా ఆకుపచ్చగా, ఊదాగా తళుక్కుమంటుంది. మొదటి రోజు పెరీనా ఒక్కొక్కదాన్నీ వంగి చూసి, “ఇవీ మా చేపల్లాగే మెరుస్తున్నాయి. కంపు లేదు, అదే లోటు” అంది.

గది మధ్యలో, తాళం వేసిన గాజుపెట్టెలో, ఒక పెద్ద గాజుకుండ. లేత సముద్రపు రంగు, బాన కడుపు, పైన మూత. రేవు రోడ్డు కోసం తవ్వినప్పుడు బయటపడింది. లోపల కాల్చిన మనిషి అస్థికలున్నాయి. వాటితో పాటు ఎముకతో చేసిన సూది దొరికింది కాబట్టి ఆడమనిషై ఉంటుందన్నారు. పేరు తెలియదు. పెరీనా మాత్రం “మా మనిషి” అనేది. పొద్దున్నే తలుపు తీస్తూ, “లేచావా?” అని పలకరించేది.

పెరీనా భర్త లోవ్రె పెళ్ళైన కొద్దికాలానికే చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. పడవ దొరికింది. మనిషి దొరకలేదు. శ్మశానంలో అత్తవారి సమాధి రాయి మీద అతని పేరు చెక్కించారు. చనిపోయినవారి పండుగ రోజున ఊరంతా చామంతులు, దీపాలు పట్టుకుని సమాధుల దగ్గరికి వెళుతుంది. పెరీనా కూడా వెళ్ళేది కానీ నిలబడలేకపోయేది. “కింద మనిషి లేడని తెలిసీ రాయితో ఏం మాట్లాడను?” అనేది.

గాజుగదికి వచ్చిన ఏడాది నుంచి ఆ రోజున కుండ ముందు నిలబడి నాలుగు ప్రార్థన ముక్కలు చెప్పుకోవడం మొదలుపెట్టింది. నావాడు ఎక్కడో పరాయివాళ్ళ మధ్య పడి ఉంటాడు. ఈ పరాయిదాన్ని నేను చూసుకుంటే, అక్కడ అతన్నెవరో ఒకరు చూసుకుంటారు. ఆమె లెక్క అది. ఎవరికీ చెప్పలేదు.

ఈ శరదృతువులో గాజుగది చూసే అధికారిణి టిహానా, బేపోను వెంటబెట్టుకుని కొలతలు తీయడానికి వచ్చింది.

“కింద నుంచి లైటు వేస్తే కుండ మొత్తం దీపంలా వెలుగుతుంది పిన్నీ. అస్థికలు అడ్డం. వాటిని పెట్టెలో సర్ది కింద గోదాములో ఉంచుతాం.”

“అంటే మనిషిని నేలమాళిగలో పడేసి, ఆమె ఇంట్లో మనం లైట్లేసుకుంటామా?”

“ఇల్లేమిటి పిన్నీ? ప్రదర్శన వస్తువు.”

“ఆమెని అడిగావా?”

బేపో పగలబడి నవ్వాడు. టిహానా నవ్వలేదు. పండుగ మర్నాడు పొద్దున్నే పని మొదలవుతుందని చెప్పి వెళ్ళిపోయింది.

పండుగ రోజు మ్యూజియానికి సెలవు. ముందురోజు సాయంత్రం గదులు మూసే వేళకి పెరీనా కాగితంలో చుట్టిన పూలతో వచ్చింది. మెట్ల మీద బేపో ఎదురుపడ్డాడు.

“చామంతులా! ఎవరు పోయారు పిన్నీ?”

“నీకు బుద్ధి పోయింది. జరుగు.”

ఆవిడకి ఇవే చివరి పూలేమో అనుకుంది పెరీనా. తన దగ్గరుండే తాళంతో గాజుపెట్టె తెరిచి, గ్లాసులో నీళ్ళు పోసి, తెల్ల చామంతులు నిలబెట్టి, కుండ పక్కన ఉంచి తలుపు మూసేసింది. మంట పెట్టకూడదని ఆమెకి తెలుసు. నీళ్ళ సంగతి తట్టలేదు. ఏ సమాధి ముందైనా పూలు నీళ్ళలోనే కదా ఉంటాయి!

పండుగంతా దక్షిణం నుంచి యూగో గాలి వీచింది. ఉక్కగా, జిడ్డుగా, తలలు పట్టేసే గాలి. మర్నాడు అందరికన్నా ముందు పెరీనాయే తలుపు తీసింది. గాజుపెట్టె లోపలంతా చెమట పట్టింది. కుండ కింద గుడ్డ మీద రంగుల పొర రేకులు రేకులుగా రాలి ఉంది, చేప పొలుసులాగా. గబగబా గ్లాసు తీసి చీపుర్ల గదిలో దాచింది. 

టిహానా వచ్చి చూసి నిలబడిపోయింది. 

“యూగో కదా మేడమ్” అన్నాడు బేపో. “మా ఇంటి గోడలే ఏడుస్తున్నాయి. గాజు ఎంత!”

ఆ ఊళ్ళో విరిగిన కాలు నుంచి విరిగిన పెళ్ళి దాకా అన్నిటికీ యూగోనే కారణం. ఇంకొకటి దాని నెత్తిన వేస్తే కాదనేవాళ్ళు లేరు. పెరీనా నేల చూసింది. కుండను చూసింది.

“గాలి కాదు, నేను. పూలు పెట్టాను. నీళ్ళల్లో.”

“తడిగుడ్డ కూడా తగలనివ్వొద్దని మొత్తుకున్నానే పిన్నీ!” టిహానా చెయ్యి చాచింది. “తాళం ఇలా ఇవ్వు.”

పెరీనా ఇచ్చేసింది. “నా తప్పుకి నన్ను పంపెయ్యి అమ్మాయ్. ఆమెను మాత్రం కిందకి పంపకు.”

“ఇప్పుడా ఆ మాట?”

“ఇప్పుడొద్దు. యూగో వీచేటప్పుడు మన పెద్దవాళ్ళు తీర్పులు చెప్పేవారు కాదు. కొండగాలి బూరా తిరిగాక చెప్పు.”

బేపో చేతిలోని డ్రిల్లు నెమ్మదిగా కింద పెట్టాడు. “నాకూ పొద్దుట్నుంచీ తలనొప్పే” అన్నాడు.

పెరీనాను కింద నాణేల గదికి మార్చారు. ఆమె కుర్చీలో టిహానాయే కూర్చుని, రాలిన పొరను చిన్న పట్టకారుతో ఏరుతూ రోజులు గడిపింది. పొడిబారాక కుండ నిలదొక్కుకుంది. ఈలోగా బడిపిల్లలు వచ్చారు. అత్తరు సీసాల ముందు నుంచి పరుగెత్తి వచ్చి, కుండ దగ్గర మాత్రం ఆగిపోయారు. “నిజం మనిషేనా?” “పేరేంటి?” “అంత చిన్న కుండలో ఎలా పట్టింది?” ఒక పిల్లయితే టిహానాను ఎగాదిగా చూసి, “ఆవిడ సంగతులన్నీ చెప్పే పెద్ద పిన్ని ఏది? మా అక్కకి చెప్పింది” అని అడిగింది. పక్కనే ఖాళీ కూజా ఒకటి ఎంత అందంగా మెరుస్తున్నా దాన్నెవరూ ఏమీ అడగలేదు.

తర్వాత బూరా తిరిగింది. కొండల మీంచి ఈడ్చి కొట్టే చలిగాలి. ఆకాశం కడిగిన గిన్నెలా ఉంది. టిహానా నాణేల గదిలోకి దిగి వచ్చింది.

“తీర్పు వింటావా పిన్నీ?”

పెరీనా లేచి నిలబడింది. 

“అస్థికలు కదలవు. లైటు పై నుంచి వేయిస్తాను. బేపో తిట్టుకుంటున్నాడులే. నువ్వు పైకి రా. తాళం మాత్రం నా దగ్గరే. ఇకమీద నీళ్ళు లేవు, నిప్పు లేదు.”

“మరి దీపం?”

“బ్యాటరీది పెట్టుకో. పెట్టె బయట.”

బ్యాటరీ దీపాలంటే పెరీనాకు ఒళ్ళుమంట. శ్మశానంలో ఎవరైనా పెడితే, “చచ్చినవాళ్ళకి కూడా బొమ్మలేనా!” అని అందరికీ వినపడేలా అనేది. అలాంటిది ఆ సాయంత్రం పూలకొట్టుకి వెళ్ళి, ఎవరూ చూడకుండా కొనుక్కొచ్చింది. పెట్టె ముందు నేల మీద పెట్టి మీట నొక్కింది. గాలే లేని గదిలో ఆ ప్లాస్టిక్ మంట ఊగడం మొదలుపెట్టింది.

“దొంగముఖంది, ఎలా నటిస్తోందో చూడు” అంది పెరీనా.

వెనక నిలబడ్డ టిహానా చూసింది. దీపాలు రెండున్నాయి.

“రెండోదెందుకు?”

“అది ఈవిడది కాదు. మా లోవ్రెది. సమాధిలో లేనివాడు కదా, ఎక్కడ వెలిగించినా ఒకటే.”

 టిహానా వంగి, పక్కకి ఒరిగిన రెండో దీపాన్ని సరిచేసింది.

“వీటికి బ్యాటరీలెవరు మారుస్తారు?”

“నేనున్నాగా” అని పెరీనా తన కుర్చీలో కూర్చుంది. కుర్చీ కిర్రుమంది.