చారుగిన్నెకు నేను వేయించిన కళాయి

మా అబ్బాయికి కొవ్వూరులో ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. సోల్డరు తీగ కరిగించి అతుకులు వేస్తుంటే బల్లమీద రాలే వెండిరంగు బొట్లను వాడు ఊడ్చి పారేసేవాడు. తగరమే కదా అని నేను ఏరి పౌడరుడబ్బాలో దాచేదాన్ని. పారేయడం నాకు చేతకాదు.

చారు కాచే ఇత్తడిగిన్నెకు లోపలి తగరపు పూత, కళాయి, పోయింది. వీధిలోకి కళాయి వేసే ఆయన వస్తే ఆ డబ్బా చేతిలో పెట్టి, తగరం మాదే, కూలి మాత్రం తీసుకోమన్నాను. ఆయన ఒక బొట్టును గోటితో గీసి చూశాడు.

"ఇది వంటగిన్నెకు వద్దండి. నా తగరం వేస్తానండి."

"నీ తగరమైతే నీకు లాభం. నాకు తెలీదనుకున్నావా?" అన్నాను.

నా చదువు రెండో తరగతితో ఆగింది. సోల్డరు చుట్ట మీద 60, 40 అని అంకెలు చదివాను గానీ పక్కనున్న ఇంగ్లీషు ముక్కలు నాకు రావు. అరవై పాళ్లు తగరం, నలభై పాళ్లు సీసం అని తర్వాత తెలిసింది.

చివరికి ఆయన నా డబ్బాలోదే కరిగించి వేశాడు, గిన్నె అద్దంలా మెరిసింది. రోజూ అందులోనే చింతపండు చారు. మేము అన్నంలో పోసుకుంటే మనవరాలు గ్లాసులో పోసుకుని తాగేది. కొన్ని నెలలకు దానికి కడుపునొప్పి పట్టుకుంది, మొహం పాలిపోయింది. బడి ఎగ్గొట్టే వేషాలని తిట్టి పంపాను. ఒకరోజు బడి మెట్ల మీదే కూలబడింది.

రాజమండ్రి తీసుకెళ్తే రక్తంలో సీసం ఉందన్నారు. తండ్రి చేసే పనేంటని అడిగి, సోల్డరులోని సీసం చేతులకు అంటి ఇంటికి వస్తుందన్నారు. ఆ రోజు నుంచి మా అబ్బాయి పెరట్లో స్నానం చేసినా పిల్లను దగ్గరికి రానివ్వలేదు. కొట్టు మూసేస్తానన్నాడు. గిన్నె సంగతి నాకు అప్పటికే తట్టింది. దాన్ని అటక మీద పెట్టేశాను గానీ రెండు రోజులు నోరు విప్పలేదు.

మళ్లీ ఆసుపత్రికి వెళ్లినప్పుడు చెప్పాను. "వాడి చేతుల వల్ల కాదండి. వాడి సోల్డరు ఏరి చారుగిన్నెకు కళాయి వేయించింది నేనండి."

తిరుగు బస్సు గోదావరి వంతెన దాటింది. కోడలు నా వైపు చూడకుండానే అంది, "రెండు రోజులు ఆయన్ని అలా చూస్తూ ఎలా కూర్చున్నారండీ అత్తయ్యగారూ?"

పిల్ల మెల్లగా తేరుకుంటోంది. చారు ఇప్పుడు కోడలు స్టీలుగిన్నెలో కాస్తోంది. నన్ను పొయ్యి దగ్గరికి రావద్దని ఎవరూ అనలేదు. నేను వెళ్లేసరికి వంట అయిపోయి ఉంటోంది, అంతే.

పాతసామాన్లు కొనేవాడు గిన్నెకు మంచి ధరే చెప్పాడు. అలాగే ఇస్తే ఎవరింట్లోనో మళ్లీ పొయ్యెక్కుతుంది. మేకు పెట్టి, సుత్తితో అడుగంతా చిల్లులు పొడిచి ఇచ్చాను. సగం ధరే ఇచ్చాడు. బేరమాడలేదు.