చిన్నమ్మ అడిగిన ప్రశ్న

మొన్న ఆదివారం జల్‌పల్లిలో మా చర్చి ఆరాధన అయ్యాక, పిల్లలు జంటలుగా కూర్చుని విశ్వాస సమర్థన సాధన చేస్తున్నారు. ఒకరు నాస్తికుడిలా అడగాలి, ఇంకొకరు బైబిలుతో, తర్కంతో జవాబు చెప్పాలి. ఒక అమ్మాయి భలే కోపంగా నిలదీస్తుంటే అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చేతులు రాలేదు. చిన్నమ్మ గుర్తుకొచ్చింది.

ఆ వయసులో నేనూ ఈ విద్యలో ఉద్దండుణ్ణే. సంతోష్‌నగర్‌లో రెండు గదుల ఇల్లు మాది. దేవుడున్నాడనడానికి నా దగ్గర ఎన్ని రుజువులుండేవో, మా వంటింట్లో అన్ని గిన్నెలు కూడా ఉండేవి కావు. బస్సులో పక్కన కూర్చున్నవాణ్ణి సైతం వదిలేవాణ్ణి కాదు. నా పోరు పడలేక స్నేహితులు మొహం చాటేస్తే, సాధనకు మా అమ్మ చెల్లెలు దొరికింది. ఆమె భర్త, మా చిన్నాయన, కామెర్లతో పోయి కొన్ని నెలలే అయింది. పిల్లతో సహా మా ఇంట్లోనే ఉండేది. ఆమె ఎల్లిపాయలు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుని, "నువ్వు దేవుణ్ణి నమ్మవనుకో, అడుగు" అనేవాణ్ణి. నేను నేర్పిన ప్రశ్నలే పాఠం అప్పజెప్పినట్టు అడిగి, తనే నవ్వేది.

ఒకరోజు నవ్వలేదు. "అందరం ఉపాసముండి ప్రార్థన జేసినం గదరా. మరి మీ చిన్నాయన ఎందుకు బతకలే?" అంది. అది నేను నేర్పిన ప్రశ్న కాదు. ఆ సంగతి నాకప్పుడే తెలుసు. తెలిసీ, ఛీ, ఎంత సంబరపడ్డానో! గట్టి ప్రశ్న దొరికింది కదా. "మస్తు అడిగినవ్ చిన్నమ్మా!" అని, లోకంలో బాధ ఎందుకుందో వేళ్లు మడిచి మరీ చెప్పాను. ఆమె ఎల్లిపాయల పొట్టంతా చేటలోకి ఎత్తుకుని, "మంచిగ జెప్పినవ్ బిడ్డా" అని లేచిపోయింది. మళ్లీ నా ఎదుట సాధనకు కూర్చోలేదు. అదే జవాబుకు చర్చిలో జరిగే సాధన క్లాసులో నాకు బహుమతి కూడా వచ్చింది.

మొన్న చర్చి నుంచి నేరుగా, జల్‌పల్లిలోనే కూతురింట్లో ఉంటున్న ఆమె దగ్గరికి వెళ్లాను. "ఆ దినం తప్పు చేసిన చిన్నమ్మా" అన్నాను. ఏ దినమో చెప్పాల్సిన పని లేకపోయింది.

"నువ్వు తప్పేం జెప్పలే తియ్యి. గని నేను నిన్ను అడగలేరా. దేవుణ్ణి అడిగిన. నడిమిట్ల నువ్వెందుకొచ్చినవ్?"

"మరి ఆయన జెప్పిండా?"

"జెప్తే నీకు జెప్పనా? రోజూ అడుగుతనే ఉన్న" అని చాయ్ పెట్టడానికి లేచింది.

ఇన్నేళ్లలో నా జవాబులు ఎన్నో మారాయి. ఆమె ప్రశ్న మాత్రం ఒక్క మాట కూడా మారలేదు.